అన్నీ గుర్తుపెట్టుకునే కంప్యూటరు

గజపతినగరంలో మా నెట్ షాపుకి ఒక మంచి పేరుండేది. అక్కడికి వెళితే పాస్‌వర్డ్ మర్చిపోయినా పని ఆగదని. రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతాల మాట ఇది. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, ఒక రంగుల ప్రింటరు, లామినేషను చేసే డబ్బా ఒకటి. షాపు నాదే. మా ఆయన జూట్ మిల్లులో పనిచేసేవాడు. షాపు సంగతులు ఆయనకి పట్టేవి కావు, పట్టించుకోబోతే నేనూ ఊరుకునేదాన్ని కాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఒకే మాట. రెండిళ్ళకీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

ఆ మంచి పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. స్కాలర్‌షిప్పులకీ, పరీక్ష ఫీజులకీ, ఉద్యోగాల దరఖాస్తులకీ జనం వచ్చేవాళ్ళు. ఎవరికి వాళ్ళకి ఒక నంబరు, ఒక పాస్‌వర్డ్. వాటిని అగ్గిపెట్టె మీదో, బస్సు టిక్కెట్టు వెనకో రాసుకునేవాళ్ళు. మళ్ళీ వచ్చేసరికి అగ్గిపెట్టె ఉండేది కాదు, టిక్కెట్టూ ఉండేది కాదు. నేను తిట్టేదాన్ని, వాళ్ళు నవ్వేవాళ్ళు. ఇలా ఉండగా బ్రౌజరే నాకో దారి చూపించింది. పాస్‌వర్డ్ కొట్టగానే పైన ఒక సన్నటి పట్టీ దిగి, దీన్ని గుర్తుపెట్టుకోమంటారా అని మర్యాదగా అడిగేది. ఇంత మర్యాదగా అడిగేవాళ్ళు మా ఊళ్ళో ఎవరున్నారు? పెట్టుకో నాయనా అని నొక్కేదాన్ని. ఆ తర్వాత ఎవరొచ్చినా నంబరులో మొదటి అంకె కొడితే చాలు, మిగతాదంతా అదే నింపేది. "కంప్యూటరమ్మ షాపులో మిషనుకి ఊరందరూ తెలుసు" అని చెప్పుకునేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది.

ఇది తప్పని ఎవరికీ తోచలేదు. మా వీధిలో ఎవరు ఊరెళ్ళినా ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళతారు. ఇవ్వకపోతే పక్కింటివాళ్ళు నొచ్చుకుంటారు, మా మీద అనుమానమా అని నిష్ఠూరమాడతారు. పాస్‌వర్డ్ కూడా అలాంటి తాళమే కదా అనుకున్నాం. కొందరైతే షాపు గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచి చెప్పేవాళ్ళు. మెల్లగా చెప్పండి అంటే, ఇందులో దాచుకునేదేముంది అనేవాళ్ళు.

ఆ రోజుల్లో నేను వాడేది పాత నీలం బ్రౌజరు. ఏది డౌన్‌లోడ్ చేసినా దానితోపాటు ఒక టూల్‌బారు వచ్చి పైన కూర్చునేది. ఒకటి వాతావరణం చెప్పేది, ఒకటి జాతకం చెప్పేది, ఒకటి ఎందుకుందో దానికే తెలియదు. ఒకదాని కింద ఒకటి పేరుకుని, తెరలో మూడోవంతు అవే ఉండేవి. అసలు పేజీ కింద మిగిలిన జాగాలో ఇరుక్కుని కనిపించేది. ఒకసారి మా అత్తగారి మోకాళ్ళ నొప్పులకి నూనె ఏదైనా ఉందా అని వెతికాను. నెల్లాళ్ళపాటు ఏ కుర్రాడు రిజల్ట్సు చూసుకోడానికి కూర్చున్నా పక్కన మోకాళ్ళ నూనె ప్రకటనే. మోకాళ్ళు ఎవరివండీ అని వాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. ఆ నూనె సంగతి దానికెలా గుర్తుందో అప్పుడైనా ఆలోచించి ఉండాల్సింది. నవ్వేసి ఊరుకున్నాను.

భోగాపురం అవతల, సముద్రం ఒడ్డు ఊరినుంచి ఒక మత్స్యకారుల ఆవిడ మాకు చేపలు తెచ్చేది. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు కలిసి తెల్లారకట్ల ఆటో మాట్లాడుకుని, విజయనగరంలో సగం మంది దిగిపోతే, మిగిలినవాళ్ళు మా దాకా వచ్చేవాళ్ళు. నేను ఆవిణ్ణి అప్పా అనేదాన్ని. ఆవిడకి చదువు రాదు గానీ ఫోనులో అంకెలు గుర్తుపట్టేది. మొగుడు గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్ళేవాడు. ఏడాదిలో ముప్పాతిక భాగం అక్కడే. ఇంట్లో తనూ, కూతురూ. ఆ పిల్ల ఇంటర్ మంచి మార్కులతో పాసై, ఇంజనీరింగ్ పరీక్షలో కూడా ర్యాంకు తెచ్చుకుంది. వాళ్ళ పేటలో ఆ చదువు దాకా వచ్చిన ఆడపిల్ల అదే మొదలని అప్ప చెప్పింది. చెప్పడంలో సంతోషం కన్నా భయమే ఎక్కువ ఉంది.

సీట్లు అప్పటికే కంప్యూటర్లో ఇస్తున్నారు. ఏ కాలేజీ ముందు కావాలి, ఏది తర్వాత, ఏ కోర్సు అని మనమే వరసగా పెట్టుకోవాలి. ర్యాంకును బట్టి ఆ వరసలో ఏది అందితే అది ఇస్తారు. గడువు దాటే లోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గడువు దాటిందా, ఆఖరున ఏది సేవ్ చేశామో అదే మన రాత.

అప్ప పెట్టిన షరతు ఒకటే. "బస్సెక్కి ఎల్లి, పొద్దుగూకీసరికి ఇంటికొచ్చీసే కాలేజీ అయితే పంపుతాను. హాస్టలంటే మాత్రం నా వల్ల కాదు. మనిషి సముద్రం మీద ఉంటేనే సగం ప్రాణం అక్కడుంటాది. ఇది కూడా ఎక్కడో ఉంటే నానేటి పెట్టుకుని బతుకుతాను?"

పిల్ల ఒప్పుకుంది. వేరే దారి లేదని దానికీ తెలుసు. దూరం కాలేజీలో సీటొస్తే మానేసి తల్లితో ఎండుచేపల కళ్ళంలో కూర్చోవాల్సిందే.

ఒకరోజు పొద్దున్న తల్లీ కూతుళ్ళిద్దరూ చేపల ఆటోలోనే వచ్చారు. పిల్ల తన వరస నోటుబుక్కులో రాసుకొచ్చింది. పదకొండు ఆప్షన్లు. నేనే కొట్టాను. పట్టీ దిగి గుర్తుపెట్టుకోమంటారా అంది, పెట్టుకోమన్నాను. రంగు ప్రింటరులో కాగితం తీసి ఇచ్చాను. పిల్ల దాన్ని మూడుసార్లు చదివి, తల్లి చేతిలో పెట్టింది. అప్ప దాన్ని మడిచి నడుం దగ్గర దోపుకుంది. పిల్ల పదిగంటల బస్సుకి ఇంటికి వెళ్ళిపోయింది.

అదేరోజు మధ్యాహ్నం మా బావగారు, అంటే మా ఆయనకి అన్నగారు, కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళది నాలుగు మైళ్ళ దూరంలో పల్లె, వరి పండిస్తారు. కొడుక్కి మెకానికల్ కావాలి, ఊరికి ఎంత దూరమైతే అంత మంచిది. ముందు ఇంకో ఊళ్ళో షాపుకి వెళ్ళారట, సగం కొట్టేసరికి కరెంటు పోయిందట. బావగారొస్తే టీ తెప్పించాలి, అక్కయ్య ఒంట్లో ఎలా ఉందో అడగాలి, ఆవు ఈనిందో లేదో అడగాలి. ఇవన్నీ అడుగుతూనే కుర్రాడి నంబరు కొట్టాను. పేజీ తిరిగి తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తెరిచాను. ఈసారి నంబరూ పాస్‌వర్డూ వాటంతటవే నిండి ఉన్నాయి. ఆహా, అప్పుడే గుర్తుపెట్టేసుకుందే అనుకుని ఎంటర్ కొట్టాను. నంబర్లన్నీ ఒకేలా మొదలవుతాయి, చివర అంకెలు ఎవరు చూస్తారు? లోపల పేరు ఉంటుంది గానీ అది పేజీ పైన సన్నటి అక్షరాల్లో ఉంటుంది, ఆ పై భాగం నా టూల్‌బార్ల కింద ఎక్కడో పోయింది. గళ్ళలో అప్పటికే ఏవో ఆప్షన్లున్నాయి. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగినవి ఇవేనన్నమాట అనుకున్నాను. అన్నీ తుడిచే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కేశాను.

నా చేత్తో నేనే నొక్కాను. ఇప్పటికీ ఆ వేలు చూసుకుంటే నాకు చిరాకే.

ఇరవై ఎనిమిది ఆప్షన్లు కొట్టాం, సేవ్ చేశాం, ప్రింటు తీశాం. కాలేజీల వరస వేలు పెట్టి చదువుకుని, బావగారు సంతోషంగా వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలప్పుడు అప్ప ఖాళీ గంపతో షాపు గుమ్మంలో నిలబడింది. ఆ సాయంత్రం ఆరింటికే గడువు. ముందురోజు గంపలోంచి ఐసు నీళ్ళు కారి, నడుం దగ్గరున్న కాగితం నానిపోయిందట. తెచ్చి బల్లమీద పెట్టింది. రంగు కరిగి కాలేజీల పేర్లన్నీ నీలం మరకయ్యాయి, ఎడమపక్క అంచు మాత్రం కొంచెం పొడిగా ఉంది. చేపల వాసన సరేసరి. గుంట, అంటే కూతురు, చూస్తే బాధపడుతుంది, ఇంకోటి తీసివ్వమని అడిగింది. దానికేం భాగ్యం, మా మిషనుకి అన్నీ గుర్తే కదా అని తెరిచాను.

మొదటి వరసలో విశాఖపట్నం కాలేజీ. ఎవరిదో తెరుచుకుందనుకుని పైకి జరిపి పేరు చూశాను. అప్ప కూతురి పేరే. కిందికి జరిపాను. మెకానికల్, మెకానికల్, మెకానికల్. కాకినాడ, రాజమండ్రి, గుంటూరు. ఆ వరస నాకు తెలుసు. ముందురోజు టీ తాగుతూ నేను కొట్టిందే.

నెట్ షాపు నడిపేవాళ్ళందరికీ ఒక మంత్రం ఉంటుంది. ఏ తప్పు జరిగినా సర్వర్ మీదికి తోసేయడం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, అది మా వృత్తికి పుట్టుకతో వచ్చిన విద్య. నా నోటంట కూడా ముందు అదే వచ్చింది. సర్వర్లో ఏదో తేడాగా ఉందప్పా, కొంచెం ఆగు అన్నాను. ఆవిడ ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. సర్వర్ని నాలుగు తిట్లు తిట్టి, గంప బోర్లించి, గోడవారన కూర్చుంది. పాపం నీకెంత పనో అని నా మీద జాలి కూడా పడింది.

ఆ జాలే నన్ను కాల్చేసింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని ఎలాగోలా సరిచేసేద్దామని అనిపించిన మాట నిజం. కానీ సరిచేయడానికి నా దగ్గర ఏముంది? పిల్ల నోటుబుక్కు ఇంటి దగ్గరుంది. సైటు ఆఖరున సేవ్ చేసింది తప్ప పాతది చూపించదు. వాళ్ళింట్లో ఉన్న ఒక్క ఫోనూ అప్ప దగ్గరే ఉంది. ఊరికి బస్సులు మారి వెళ్ళి తిరిగి రావాలంటే ఆరు దాటిపోతుంది. చెప్పకుండా కుదరదు. చెప్పేశాను. సర్వర్ కాదప్పా, నేనే. మీ అమ్మాయి పాస్‌వర్డ్ ఈ మిషనులో నేను దాచిపెట్టాను, నిన్న మా బావగారి కొడుకుది కొట్టబోతే ఇది తెరుచుకుంది, చూసుకోకుండా మీవన్నీ తుడిచేశాను, ఇప్పుడు ఇలాగే వదిలేస్తే మీ అమ్మాయికి దూరం ఊళ్ళో సీటు పడుతుంది అని, ఒక్క గుక్కలో.

ఆవిడ గోడమీద గడియారం చూసింది.

"ఆరింటి దాకా టైమున్నాది గదా. ముందది సూడు. తిట్టడం తరవాత తిడతాను."

వాళ్ళ పేటలో ఫోనున్న ఒకరిద్దరికి చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఆ వేళకి మగాళ్ళు వేటలో ఉంటారు, ఆడవాళ్ళు బేరాల మీద ఊళ్ళు పట్టుకుని ఉంటారు. పిల్ల ఇంట్లో ఒక్కతే ఉంది, దాని దగ్గర ఫోను లేదు. నేను నానిన కాగితాన్ని దీపం ముందు పెట్టి, ఎండలో పెట్టి, ఎంత చూసినా ఎడమ అంచున ఒక్కో అక్షరం తప్ప ఏమీ అందలేదు. నాకు ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే మొహం కోపంగా ఉంటుందని మా ఆయన అంటాడు. అప్పక్కూడా అలాగే కనిపించిందేమో, కొంచెం జరగమని నా పక్కనే కూర్చుంది.

"నాను సెప్తాను, నువ్వు కొట్టు."

చదువురాని మనిషి ఏం చెబుతుంది అనుకున్నాను. ఆవిడ చెప్పింది. ముందుది రైలు గేటు పక్కన కాలేజీ. అక్కడ ఆఖరి బస్సు అయిదుంబావుకి వస్తుంది, సీటు దొరుకుతుంది. రెండోది కొబ్బరితోట ఎదురుగా ఉన్నది. అక్కడ బస్సు అయిదున్నరకి గానీ రాదు, అదీ నిల్చోబెట్టి తెస్తాడు. మూడోది రెండు బస్సులు మారాలి, కానీ మారే చోట తన అక్క చేపలమ్ముతుంది, పిల్లకి తోడుంటుంది. ఇలా ఆరు కాలేజీలు. ఒక్కోదానికి ముందు కంప్యూటరు, తర్వాత కరెంటు, అంటే ఎలక్ట్రికల్. నాలుగోదానికి మాత్రం కంప్యూటరొక్కటే. కరెంటు చదువు అక్కడ బాగోదని గుంట వద్దంది.

అయిదు రెళ్ళు పది, ఒకటి పదకొండు. లెక్క సరిపోయింది.

నీకెలా తెలుసప్పా అని అడిగాను. పిల్ల వరస రాయకముందు ఒక ఆదివారం, మళ్ళీ ఇంకో ఆదివారం, తల్లీ కూతుళ్ళు ఆ బస్సులన్నీ ఎక్కి తిరిగారట. ప్రతి కాలేజీ గేటు దగ్గరా కూర్చుని, సాయంత్రం బస్సు ఎప్పుడొస్తుందో, ఎంత మందితో వస్తుందో, వాళ్ళ ఊరి మలుపు దగ్గర దిగేసరికి వెలుతురుంటుందో లేదో చూసుకున్నారట. ఆ తర్వాతే ఏది ముందో ఏది వెనకో తేల్చారు. కాలేజీల పేర్లు ఆవిడకి నోరు తిరగవు, వాటి కోడ్‌లు అసలే తెలియవు. బస్సుల వరస మాత్రం పొరపాటున కూడా తప్పదు. ఆ పదకొండు ఆప్షన్లూ పిల్ల ఎంత రాసిందో తల్లీ అంతే రాసింది. ఆ సంగతి ముందురోజు కొడుతున్నప్పుడు నాకు తట్టనేలేదు.

ఆవిడ చెబుతుంటే ఏ బస్సు ఎక్కడాగుతుందో అడిగి, ఆ ఊళ్ళో కాలేజీ ఏదో పట్టుకుని, కోడ్ వెతికి కొట్టాను. ఒక్కో వరస కొట్టాక నానిన కాగితం అంచు చూశాను. అక్కడ మిగిలిన అక్షరాలు వరసగా కలుస్తున్నాయి. అయిదోది, ఆరోది కలిసేసరికి నాకు ఊపిరాడింది. పదకొండోదీ కలిసింది. సేవ్ చేసేటప్పటికి నాలుగూ నలభై అయింది. పేజీ పై దాకా జరిపి పేరు చదివాను. పైకే చదివాను. ఆవిడ తల ఊపింది.

ఈ మధ్యలోనే బావగారికి ఫోను చేశాను. నిన్నటి కాగితం ఎక్కడుందండీ అంటే, దేవుడి పటాల ముందు పెట్టి పసుపు కుంకుమ పెట్టామమ్మా, ఇంకా తీయలేదు అన్నారు. తీసి పైన పేరు చదవండి అన్నాను. ఎవరో ఆడపిల్ల పేరుందేమిటమ్మా ఇందులో అన్నారు. సంగతి చెప్పాను. నేను ఎదురుచూసిన తిట్లు రాలేదు. అరగంటలో కొడుకు మోటారుసైకిల్ మీద వచ్చి, తన నంబరు తనే కొట్టి, నన్ను కీబోర్డు ముట్టుకోనివ్వకుండా తన ఇరవై ఎనిమిదీ తనే పెట్టుకున్నాడు. వెళ్ళేముందు వాళ్ళ నాన్న మాటగా అప్పకి ఒకటి చెప్పాడు. నిన్నటినుంచి మా ఇంట్లో మీ అమ్మాయి కాగితానికే పూజ చేశాం, సీటు ముందు దానికే వస్తుందిలెండి అని. అప్ప మొదటిసారి నవ్వింది.

అయిదున్నరకి, అన్నీ అయ్యాక, మాట ఇచ్చిన ప్రకారం తిట్టడం మొదలుపెట్టింది. పావుగంట తిట్టింది. ఒకరి తాళం ఒకరికి తగిలించే మనిషివి షాపెందుకు పెట్టినావంది. బావ వస్తే ఒళ్ళు తెలీదేటంది. సముద్రం మీద మొగుడికి ఫోను సేసి ఏటి సెప్పుకోవాలంది. నేను ఒక్క మాటకి కూడా ఎదురు చెప్పలేదు. నా జీవితంలో అలా నోరు మూసుకుని తిట్లు తిన్నది అదొక్కసారే. నిజం చెబితే హాయిగా ఉంది. ఆ పావుగంటా ఒంట్లోంచి జ్వరం దిగుతున్నట్టే ఉంది.

ఆవిణ్ణి ఆటోకి పంపేముందు పాస్‌వర్డ్ మార్పించాను. నాకొద్దు, నువ్వే ఏదో ఒకటి పెట్టు అంది. ఒప్పుకోలేదు. అంకెలు వచ్చు కదా, నీకు నచ్చిన అంకెలు ఎనిమిది నొక్కు, ఇంటికెళ్ళి అమ్మాయికి చెప్పు, నాకు మాత్రం చెప్పకు అన్నాను. ఆవిడ కీబోర్డు ముందు కూర్చుంటే నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. టక్కు టక్కుమని ఒక్కొక్కటే చప్పుడు వినిపించింది. అటు తిరిగిపోయావేటి, నువ్వు చూస్తే ఏం పోతుంది అంది. పోతుందప్పా, నిన్న పోబోయింది కదా అన్నాను. పట్టీ దిగి ఎప్పటిలాగే మర్యాదగా అడిగింది. వద్దు అని నొక్కాను. ఆ మీట కూడా ఉందని అన్నాళ్ళూ నేను గమనించనేలేదు.

ఆవిడ వెళ్ళాక షట్టరు సగం దించి కూర్చున్నాను. బ్రౌజరు దాచిపెట్టినవన్నీ ఒకచోట చూపించే జాగా ఒకటుందని విన్నాను గానీ ఎప్పుడూ తెరవలేదు. తెరిస్తే ఊరు ఊరంతా వరసగా ఉంది. పక్కన చూపించు అని ఒక మీట, నొక్కితే పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. రెండు మూడు చూసి ఆపేశాను. పిల్లల పేర్లు, దేవుళ్ళ పేర్లు, ఒకాయనది పెళ్ళికాక ముందు ఎవరినో తలుచుకున్న పేరు. ఊళ్ళో అన్ని ఇళ్ళ తాళాలూ నా గోడకి వేలాడుతున్నాయి. నా షాపులో ఎవరు ఆ కుర్చీలో కూర్చున్నా అవి వాళ్ళ చేతికందుతాయి. ఇన్నాళ్ళూ ఏమీ కాకపోవడం జనం మంచితనమే తప్ప నా గొప్పేం కాదు. మొత్తం ఎంచి ఒకేసారి తుడిచేశాను.

టూల్‌బార్లు పీకేశాను. కొత్త బ్రౌజరు ఎక్కించాను. అందులో ఒక ప్రైవేటు కిటికీ ఉండేది, మూసేస్తే ఎవరు వచ్చారో ఏం చూశారో ఆ మిషనులో మిగలదు. ఇక ఎవరొచ్చినా అందులోనే కూర్చోబెట్టేదాన్ని. దాని రంగు నల్లగా ఉండేసరికి ఒక పెద్దాయన కూర్చోనన్నాడు. దొంగపనులు చేసేవాళ్ళకి కదా చీకటి కిటికీ, నాకెందుకమ్మా అన్నాడు. స్నానాలగదికి తలుపు పెట్టుకున్నవాళ్ళందరూ దొంగలా అని అడిగాను. నవ్వుకుంటూ కూర్చున్నాడు. పైన అడ్రసు పక్కన తాళం గుర్తు లేని పేజీలో పాస్‌వర్డ్ కొట్టొద్దనీ, లేచేముందు సైటులోంచి బయటికొచ్చి కిటికీ మూయాలనీ చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. అయినా ఎవరు లేచినా గుర్తుచేయడం మానలేదు. ఒకటి తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ కిటికీ నా మిషను కళ్ళే మూస్తుంది, అవతల సైటువాళ్ళ కళ్ళు మూయదు. అందుకే ఎవరైనా దీన్లో ఏం చేసినా ఎవరికీ తెలీదు కదా అంటే అదీ కాదని కోప్పడేదాన్ని.

మంచి పేరు పోయింది. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళు వచ్చి, నీ దగ్గర ఉండాలి కదా అని నన్నే నిలదీసేవాళ్ళు. తుడిచేశానంటే మొహాలు ముడుచుకునేవి. ఎదర వీధి షాపువాళ్ళే నయం, అన్నీ వాళ్ళే పెట్టుకుంటారు అనేవాళ్ళు. తాళం పుచ్చుకోనన్న పక్కింటిదానిలా చూశారు నన్ను. కొందరు అటు వెళ్ళిపోయారు కూడా. నాకు బాధ లేకపోలేదు, కానీ రాత్రి నిద్ర మాత్రం పట్టేది.

సీట్లు ఇచ్చినరోజు అప్ప కూతురు నా షాపుకి రాలేదు. వాళ్ళ పేటలో ఎవరి ఫోనులోనో తనే చూసుకుందట. మర్నాడు అప్ప చేపలు తూస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. రైలు గేటు కాడదే, కంప్యూటరే అని. నేను లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. మా బావగారి కొడుక్కి కాకినాడలో వచ్చింది.

క్లాసులు మొదలైన రోజు నాకు తెలుసు. ఆ రోజంతా నా చేతికి ఏ పనీ కుదురుగా రాలేదు. జిరాక్సులు తిరగేసి తీశాను, ఒకాయనకి చిల్లర తప్పిచ్చి నేనే తిట్టాను. వరస నేను సరిగ్గానే కొట్టాను, సీటు సరిగ్గానే వచ్చింది, అయినా ఆ బస్సు దిగేదాకా ఏదీ సరైనట్టు కాదనిపించింది. అయిదుంబావు దాటింది. ఆరూ దాటింది. అప్ప నాకు ఎప్పుడు ఫోను చేసినా చేపల గురించే చేసేది, అదీ పొద్దుటిపూటే. ఆరుంబావుకి ఫోను మోగింది. వెనక సముద్రం హోరు, పిల్లల అరుపులు.

"దిగీసినాదమ్మా," అంది. "ఇంకా ఎలుగున్నాది."

అంతే, పెట్టేసింది. నేను ఆ స్టూలు మీదే కూలబడి, షాపు నిండా జనం ఉండగా, కళ్ళు తుడుచుకోకుండా ఏడ్చాను. ఎవరిమీద అంత కోపమని అందరూ అడిగారు.